ఈ కథ ఎక్కడికి పంపమంటారు, మాస్టారూ?

సోంపేట వైపు నుంచి ఒక కుర్రాడు కథ పట్టుకుని వచ్చాడు. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం ఇంకా లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం మీద పడ్డప్పుడు వాళ్ల కొబ్బరితోట నేలమట్టమైంది. ఆ మర్నాడు పొద్దున్న తోటలోకి వెళ్లిన మామ్మ గురించి కథ. నేను చదవకముందే అడిగేశాడు: “ఇది ఎక్కడికి పంపమంటారు, మాస్టారూ?”

అడిగి, తనే ఫోను తీసి చూపించాడు. వాట్సాప్‌లో వచ్చిన పోటీల ప్రకటనలు ఏడున్నాయి. ఒకటి ఉగాది కథల పోటీ, 1,500 పదాలు దాటకూడదు. ఒకటి ఎవరిదో స్మారక పోటీ, 1,200 పదాలు. ఒకదానికి ‘మానవ సంబంధాలు’ అంశం. ఇంకోదానికి హాస్యం తప్పనిసరి. ఒకదానికి ప్రవేశ రుసుము కట్టాలి. గడువులు అన్నీ ఆ నెలాఖరుకే.

కథ చదివాను. బాగానే ఉంది గానీ ఎక్కడో గాలాడటం లేదు. “ఇదే మొదటి ప్రతా?” అంటే, కాదన్నాడు. మొదట రాసింది 3,000 పదాలు. పోటీ కోసం సగానికి కోశాడు. ఆ పాత ప్రతి కూడా అడిగి తెప్పించుకున్నాను. అందులో మామ్మ పడిపోయిన చెట్టు మొదలు మీద కూచుని అంటుంది: “సెట్టు పడిపోనేదురా బావూ, నా ముప్పయ్యేళ్లు పడిపోనాయి.” అని, లేచి, పడ్డ కాయలు ఏరడం మొదలుపెడుతుంది. కోసిన ప్రతిలో ఆ చోట ఇలా ఉంది: ‘మా ముప్పై ఏళ్ల కష్టం నేలపాలైంది అంటూ ఆమె కన్నీరు పెట్టుకుంది.’

ఎందుకు మార్చావంటే, “జడ్జీలకి మన యాస అర్థం కాదేమోనని” అన్నాడు.

ఈ వ్యాసం ఆ జవాబు గురించి. కథని ఎక్కడికి పంపాలన్నది పోస్టాఫీసుకి సంబంధించిన ప్రశ్నలా కనబడుతుంది. కాదు. అది విమర్శకి సంబంధించిన ప్రశ్న. ఎందుకంటే కథ చేరబోయే చోటు కథ పుట్టకముందే దానిలో చేయి పెడుతుంది. ఎంత పొడుగుండాలి, ఎవరి మాటలో ఉండాలి, చివర ఏడవాలా కాయలు ఏరుకోవాలా అన్నవి సగం అక్కడే తేలిపోతాయి.

*

మన రెండు జిల్లాల కథకి ఒక విచిత్రమైన చరిత్ర ఉంది. కథ ఇక్కడ పుడుతుంది, అచ్చు ఎక్కడో అవుతుంది. మొదటినుంచీ అంతే. గురజాడ విజయనగరంలో కూచుని రాసిన ‘దిద్దుబాటు’ 1910 ఫిబ్రవరిలో వచ్చింది ‘ఆంధ్రభారతి’లో. ఆ పత్రిక బందరుది. చాగంటి సోమయాజులు జీవితమంతా విజయనగరం మనిషే. ‘చిన్నాజీ’ 1942లో అచ్చయింది ‘భారతి’లో. కాశీనాథుని నాగేశ్వరరావు 1924లో మద్రాసులో పెట్టిన పత్రిక అది. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖలో ప్లీడరీ చేసిన రావిశాస్త్రి ‘అల్పజీవి’ కూడా ‘భారతి’లోనే ధారావాహికగా వచ్చింది. కాళీపట్నం రామారావు మాస్టారి ‘యజ్ఞం’ 1966లో చక్రపాణి ‘యువ’లో వచ్చింది.

అంటే మనకి ప్రతిభ ఎప్పుడూ కొరత పడలేదు. పెద్ద పత్రిక ఎప్పుడూ లేదు. అచ్చాఫీసులూ, ప్రకటనలిచ్చే వ్యాపారులూ, కొనే పట్నం జనమూ ఎక్కడుంటే పత్రిక అక్కడే బతుకుతుంది. అవి మద్రాసు, బెజవాడ, తర్వాత హైదరాబాదు. మనం కవరు మీద చిరునామా రాసి రైలెక్కించేవాళ్లం. నూరేళ్లు దాటినా ఆ సంగతి మారలేదు. కవరు పోయి మెయిలు వచ్చింది, అంతే.

మరి అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటి? ఆనాడు పంపేవాడికి, అవతల అందుకునే పత్రిక స్వభావం తెలుసు. ఎందుకు తెలుసంటే ఆ పత్రికని చదివేవాడు కాబట్టి. ‘భారతి’ ఏ రకం కథ వేస్తుందో, వారపత్రిక ఏ రకం వేస్తుందో పాఠకుడుగా తెలిసిన తర్వాతే రచయితగా తలుపు తట్టేవాడు. అవతల ఒక సంపాదకుడుండేవాడు. అతని ఇష్టాయిష్టాలు తెలుసు, పక్షపాతాలు కూడా తెలుసు. తిప్పి పంపితే కోపం వచ్చేది, కానీ ఎవరి మీద కోపమో తెలిసేది. పత్రిక నచ్చకపోతే ఇంకో పత్రిక ఉండేది.

ఇప్పుడా కుర్రాడి ఫోనులో ఉన్న ఏడు ప్రకటనల్లో, ఆ పత్రికలేవీ అతను చదివినవి కావు. అందులో కొన్నిటికి పత్రికే లేదు. పోటీ ఉంది, బహుమతి ఉంది, సభ ఉంది, శాలువా ఉంది. కథ తర్వాత ఎవరు చదువుతారన్నదానికి మాత్రం జవాబు లేదు.

*

‘యజ్ఞం’ని ఒకసారి ఈ ప్రకటనల ముందు నిలబెట్టి చూద్దాం. మాటవరసకే.

సుందరపాలెం అనే ఊరు. శ్రీరాములునాయుడు పెద్దమనిషి. అప్పల్రాముడు గోపన్నకి బాకీ ఉన్నాడు. దాని మీద తగువు కూచుంది. తగువు నడుస్తూంటే ఊరి ముప్పయ్యేళ్ల చరిత్ర మెల్లిగా విప్పుకుంటుంది. రోడ్డెప్పుడొచ్చింది, పంటలెలా మారాయి, ఎవరు పెరిగారు, ఎవరు అరిగారు. న్యాయం ధర్మంగానే జరుగుతున్నట్టుంటుంది. చివర సీతారాముడు చేసిన పని మన నెత్తిన పిడుగులా పడుతుంది. ఆ పిడుగు పడాలంటే అంతసేపు మబ్బు పట్టాలి. చిన్న నవలంత పొడుగున్న ఆ కథలో ‘అనవసరం’ అనిపించే ప్రతి పేజీ ఆ మబ్బే.

దీన్ని 1,500 పదాలకి కుదిస్తే ఏం మిగులుతుంది? ఒక అప్పు, ఒక హత్య. పేపర్లో జిల్లా పేజీ వార్త. కథలోని అసలు వాదన, అంటే అభివృద్ధి పేరుతో ఊళ్లో జరిగిందేమిటన్నది, మొత్తం కత్తిరింపులో పోతుంది. నాకు తెలిసి ఇవాళ నడుస్తున్న చాలా పోటీల్లో ‘యజ్ఞం’ మొదటి నిబంధన దగ్గరే పక్కకి పోతుంది. న్యాయనిర్ణేత దాకా వెళ్లనే వెళ్లదు.

ఇందులో పోటీ పెట్టినవాళ్ల కుట్ర ఏమీ లేదు. ఆదివారం అనుబంధంలో ఉండే స్థలం రెండు పేజీలు. అందులో బొమ్మ పోగా మిగిలేది ఎంతో అంతే పదాలు. ఈ కొలత న్యూస్‌ప్రింటు కొలత. చిక్కెక్కడొచ్చిందంటే, ఆ కొలత మెల్లమెల్లగా కథ కొలత అయిపోయింది. కాగితం ఖర్చే లేని చోట కూడా అదే పదాల లెక్క పెడుతున్నారు. రాసేవాళ్లు కూడా కథ అంటే అంతే కాబోలు అనుకుని, ఆ పొడుగుకి సరిపడే జీవితాన్నే ఎంచుకుంటున్నారు. ఒక సంఘటన, ఒక మలుపు, ఒక కన్నీటిచుక్క. పలాస జీడితొక్కల మధ్య పనిచేసే ఆడమనిషి రోజంతా ఏం చేస్తుందో చెప్పడానికి ఆ స్థలం చాలదు. ఆమె చివర ఏం నేర్చుకుందో చెప్పడానికి చాలుతుంది. కాబట్టి అదే రాస్తున్నారు.

*

పోటీలంటే నాకు చిన్నచూపు ఉందని అనుకోవద్దు. పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’కి ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది పోటీ పుణ్యమానే. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పెట్టిన పోటీ అది. తెలుగు కథ ఒకటుందని బయటివాళ్లకి తెలిసింది అలాగే. పోటీలో పేరు కనబడదు. సీతంపేట నుంచో సాలూరు నుంచో రాసే అమ్మాయికి ఏ సంపాదకుడితో పరిచయం ఉంటుంది? హామీపత్రం వేరే కాగితం మీద రాసి, కథ మీద పేరు లేకుండా పంపితే, కులమూ ఊరూ తెలియకుండా కథ ఒక్కటే మాట్లాడుతుంది. అది చిన్న విషయం కాదు. పదివేలు బహుమతి వస్తే మన ఊళ్లలో అది కూడా చిన్న విషయం కాదు.

యాస విషయంలో కుర్రాడి భయం కూడా పూర్తిగా నిజం కాదు. తానా 2019లో పెట్టిన నవలల పోటీలో రెండు లక్షల బహుమతి వచ్చిన సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ ఏ పట్నం భాషలో ఉంది? కడప జిల్లా గొర్రెల కాపరుల నోట్లోంచి ఊడిపడ్డ మాటలవి. మన దగ్గర చూసుకున్నా, రావిశాస్త్రి పాత్రలు ఎవరి కోసమూ నాలుక సర్దుకోలేదు. అలమండలో పుట్టిన పతంజలి పత్రికాఫీసుల్లో జీవితం గడిపిన మనిషి. ఏ మాట అచ్చులో నిలుస్తుందో ఆయనకి తెలియనిది కాదు. అయినా ‘గోపాత్రుడు’, ‘వీరబొబ్బిలి’ల్లో అలమండ మాట అలమండ మాటలాగే ఉంది. మల్లిప్పురం జగదీశ్ ‘శిలకోల’ కథల్లో మన్యం మాటలకి గోదావరి పాఠకుడు అడ్డం పడలేదు. మొదటి పేజీలో తడబడతాడు. మూడో పేజీకి అలవాటు పడతాడు. పాఠకుడికి ఆ మాత్రం తెలివి ఉందని నమ్మాలి.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. అలవాటు పడాలంటే మూడో పేజీ దాకా కథ ఉండాలి కదా! పొట్టి కథలో యాస పరాయిగానే ఉండిపోతుంది. రెండు మూడు వాక్యాల్లో మెరిసి, అలంకారంలా మిగులుతుంది. అంచేత యాసకి శత్రువు న్యాయనిర్ణేత కాకపోవచ్చు. పదాల లెక్క అయ్యుండొచ్చు.

పోటీతో నా అసలు తగాదా ఇంకోటి. పోటీ తీర్పు చెబుతుంది గానీ మాట చెప్పదు. ‘న్యాయనిర్ణేతలదే తుది నిర్ణయం, ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదు.’ ప్రతి ప్రకటన కింద ఉండే ఈ వాక్యం చూడండి. నిర్వాహకుడికి అది అవసరమే. వందల కథలొస్తే అందరికీ ఉత్తరాలు ఎవరు రాస్తారు? కానీ ఇరవై రెండేళ్ల కుర్రాడి సాహిత్యానుభవం అంతా ఆ వాక్యంలోనే గడిస్తే ఏమవుతుంది? బహుమతి వస్తే ఎందుకొచ్చిందో తెలియదు. రాకపోతే ఎందుకు రాలేదో తెలియదు. ఏడుసార్లు రాకపోతే, తప్పు మామ్మ మాటలో ఉందనుకుని మామ్మ చేత ఏడిపిస్తాడు.

*

ఈ పరిస్థితి ఒక్కరోజులో రాలేదు గానీ, 2020 దాన్ని ముదరబెట్టింది. కరోనాతో ‘నవ్య’ వారపత్రిక ఆగిపోయింది. ‘ఆంధ్రభూమి’ ఆగిపోయింది. 1978 నుంచి నడిచిన ‘విపుల’, ‘చతుర’ 2021లో మూతపడ్డాయి. ‘చతుర’ అంటే నెలకో నవల. కొత్తవాడి నవల ఒకటి మారుమూల బడ్డీకొట్లో కూడా అమ్ముడయ్యే ఏర్పాటు. అలాంటిది మళ్లీ రాలేదు. ‘భారతి’ 1991లోనే వెళ్లిపోయింది. వారపత్రికల్లో కథకి మిగిలిన చోటు ఏటేటా తగ్గుతూ వచ్చి, చివరికి దినపత్రికల ఆదివారం పేజీలూ, నిబద్ధతతో నడిచే చిన్న పత్రికలూ, ఇంటర్నెట్టూ మిగిలాయి. ఖాళీ అయిన చోటులోకి పోటీలు వచ్చి కూచున్నాయి. సంపాదకుడు లేచి వెళ్లిన కుర్చీలో న్యాయనిర్ణేత కూచున్నాడు.

అయితే దారులు మూసుకుపోలేదు. ఎలా వెతకాలో మనం చెప్పుకోవడం మానేశాం, అంతే. ఆ కుర్రాడికి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను.

మొదటిది, నీకు నచ్చిన కథల సంపుటి తీసి, ప్రతి కథ చివరా చూడు. ఏ పత్రికలో ఏ నెలలో వచ్చిందో చిన్న అక్షరాల్లో ఉంటుంది. గంటేడ గౌరునాయుడు గారి కథలు నచ్చితే అవి ఎక్కడెక్కడ అచ్చయ్యాయో రాసుకో. అట్టాడ అప్పల్నాయుడివి రాసుకో. పది పుస్తకాలకి అలా చేస్తే నీలాంటి కథని ఏ పత్రికలు ఇష్టపడతాయో ఒక పటం తయారవుతుంది. అందులో సగం పత్రికలు ఇప్పుడు ఉండవు. మిగిలిన సగం నీ చిరునామాలు.

రెండోది, శ్రీకాకుళంలో ఉండి కథానిలయానికి వెళ్లకపోతే ఎలా? కారా మాస్టారు తన సాహిత్య అకాడెమీ పురస్కారం డబ్బుతో మొదలుపెట్టి 1997 ఫిబ్రవరి 22న తలుపులు తెరిచిన ఇల్లు అది. చాలామంది దాన్ని పరిశోధకుల కోసం అనుకుంటారు. కొత్తగా రాసేవాడికి అంతకంటే మంచి బడి లేదు. ఒక పత్రిక పాత సంచికలు వరసగా తిరగేస్తే, ఆ పత్రిక బుద్ధి ఏమిటో గంటలో తెలుస్తుంది. అక్కడిదాకా వెళ్లలేకపోతే వాళ్ల వెబ్‌సైట్ ఉంది. రచయిత పేరుతో వెతకొచ్చు, పత్రిక పేరుతో వెతకొచ్చు.

మూడోది, పొడుగు కథ ఉంటే ముందు వెబ్ పత్రికల వైపు చూడు. ‘ఈమాట’ 1998 నుంచి ఉంది. ‘సారంగ’ ఉంది. ‘నెచ్చెలి’, ‘విహంగ’ లాంటివి ఆడవాళ్ల రచనల కోసం ప్రత్యేకంగా నడుస్తున్నాయి. కాగితం కొలత ఇక్కడ లేదు. పైగా కొన్నిచోట్ల కథని ముందు సమీక్షకులు చదివి, ఇది ఇలా మారిస్తే ఎలా ఉంటుందని అడుగుతారు. పోయిందనుకున్న సంపాదకుడి ఉత్తరం ఇక్కడ ఇంకా బతికుంది. డబ్బు రాదు. కింద వ్యాఖ్యలొస్తాయి, అందులో మెచ్చుకోళ్లే ఎక్కువ. వాటిని కూడా కొంచెం తగ్గించే చదువుకోవాలి.

నాలుగోది, చిన్న పత్రికల్ని చిన్నచూపు చూడొద్దు. ‘అరుణతార’, ‘ప్రజాసాహితి’, ‘పాలపిట్ట’ వంటివి తక్కువమంది చదువుతారు, కానీ ఆ తక్కువమంది చివరిదాకా చదువుతారు. ప్రతి పత్రికకీ ఒక దృక్పథం ఉంటుంది. దాన్ని దాచుకోదు. నీ కథ దానితో మాట్లాడగలదా అని చూసుకుని పంపు. దానికి తగ్గట్టు కథని వంచి పంపకు.

అయిదోది, పోటీకీ పురస్కారానికీ తేడా తెలుసుకో. పోటీ అముద్రిత కథని అడుగుతుంది. పురస్కారం చేసిన పనిని చూస్తుంది. విజయనగరంలో జనవరి 17న, చాసో పుట్టినరోజున ఇచ్చే చాసో స్ఫూర్తి పురస్కారం అలాంటిది. సాహిత్య అకాడెమీ యువ పురస్కారం 35 ఏళ్లలోపు వాళ్ల అచ్చయిన పుస్తకానికి ఇస్తారు. 2025లో తెలుగులో అది ప్రసాద్ సూరి ‘మైరావణ’ నవలకి వచ్చింది. వాసిరెడ్డి నవీన్, పాపినేని శివశంకర్ 1990 నుంచి తెచ్చిన ‘కథ’ వార్షిక సంకలనాలు కూడా అచ్చయిన కథల్లోంచే ఏరినవి. అంటే ఎక్కడో ఒకచోట మంచి కథగా అచ్చవడం ముందు. మిగిలినవన్నీ దాని వెనక నడిచి వస్తాయి.

చివరిగా కొన్ని జాగ్రత్తలు. సంకలనంలో నీ కథ వేస్తాం, ఇన్ని ప్రతులు నువ్వే కొనాలి అనేవాళ్లు ప్రచురణకర్తలు కారు. నువ్వు వాళ్ల ఖాతాదారువి. ప్రవేశ రుసుము అడిగే పోటీ అయితే, గతంలో బహుమతి వచ్చిన కథలు ఎక్కడ అచ్చయ్యాయో చూడు. కనబడకపోతే వదిలెయ్యి. హామీపత్రం మీద సంతకం పెట్టేముందు చదువు. సొంత కథేనని రాసివ్వడం వేరు, కథ మీద హక్కులన్నీ రాసివ్వడం వేరు. ఒకచోట పరిశీలనలో ఉన్న కథని ఇంకోచోటికి పంపకు. ఫేస్‌బుక్కులో పెట్టిన కథని చాలామంది అచ్చయినట్టే లెక్కేస్తారు. ఒక నోటుపుస్తకంలో తేదీ, కథ పేరు, పంపిన చోటు, జవాబు రాసుకో. జవాబు రాకపోతే ఎన్నాళ్లు ఆగాలన్నది ఆ పత్రిక నియమాల్లో ఉంటుంది. లేకపోతే మూడు నెలలాగి, మర్యాదగా ఒక ఉత్తరం రాసి, ఉపసంహరించుకో.

*

ఇవన్నీ చెప్పాక కూడా ఒక ఖాళీ ఉండిపోయిందని నాకు తెలుసు. అది పంపే చోటుకి సంబంధించింది కాదు. పంపకముందు జరగాల్సిన దానికి సంబంధించింది.

కారా మాస్టారు గొప్ప కథలు రాశారు, కథానిలయం కట్టారు అని చెప్పుకుంటాం. ఆయన చేసిన మూడో పని ఒకటుంది. దానికి శిలాఫలకం లేదు. కొత్తగా రాసేవాళ్ల కథలు ఓపిగ్గా చదివేవారు. చదివి ప్రశ్నలడిగేవారు. ఆ మనిషి అలా ఎందుకు చేశాడు, నీకు నిజంగా తెలుసా, తెలుసుకుని రాశావా? ఆయనే ఒక దశలో తనకి తెలిసింది చాలదనిపించి కొన్నేళ్లు రాయడం ఆపేసిన మనిషి. ఆ మౌనం తర్వాతే ‘తీర్పు’, ‘యజ్ఞం’ వచ్చాయి. ఏ పోటీ గడువూ ఆ మౌనాన్ని అనుమతించదు. 2021 జూన్ 4న ఆయన వెళ్లిపోయాక ఇల్లు ఉంది, పుస్తకాలున్నాయి. అచ్చయిన కథకి మన దగ్గర ప్రపంచంలో ఎక్కడా లేనంత చక్కటి గూడుంది. ఇంకా అచ్చుకాని కథకి లేదు.

పార్వతీపురంలో గౌరునాయుడు గారి స్నేహకళాసాహితి లాంటివి ఆ పని చేశాయి. కథ చదివి వినిపించుకోవడం, ఒకరి ముఖం మీద ఒకరు తప్పులు చెప్పుకోవడం, మళ్లీ టీ తాగడం. ఆ ప్రాంతం 2022లో వేరే జిల్లా అయిపోయింది గానీ, అక్కడి నుంచి కథకులు ఒకరి వెనక ఒకరు రావడానికి ఆ కూడికలు ఒక కారణమని నా నమ్మకం. అలాంటివి రాజాంలో, పాలకొండలో, టెక్కలిలో, బొబ్బిలిలో ఎన్నున్నాయి? సభలున్నాయి. సభలో కథ గురించి మాట్లాడరు, కథకుడి గురించి మాట్లాడతారు. శాలువా కప్పించుకున్న మనిషికి తప్పు చెప్పడం మర్యాద కాదు కదా!

పోటీ పెట్టడానికి డబ్బున్నవాళ్లకి నాదొక విన్నపం. అయిదు బహుమతులకి పెట్టే సొమ్ములో ఒక్క బహుమతి తగ్గించండి. ఆ డబ్బుతో, గట్టుదాకా వచ్చి ఆగిపోయిన పది కథలకి పేజీ చొప్పున ఉత్తరం రాయించండి. ఎక్కడ బాగుంది, ఎక్కడ తడబడింది, ఏం తీసేస్తే నిలబడుతుంది అని. బహుమతి పొందిన అయిదుగురికంటే ఆ ఉత్తరం అందుకున్న పదిమంది వచ్చే ఏటికి మంచి కథ రాస్తారని నేను పందెం కాస్తాను. పదాల పరిమితి కూడా పైనుంచే కాక కిందనుంచి కూడా పెట్టి చూడండి: నాలుగు వేలకి తక్కువైతే తీసుకోం అని. ఉత్తరాంధ్ర జీవితానికి మబ్బు పట్టే తీరిక ఒక్కసారి ఇచ్చి చూడండి.

కుర్రాడి సంగతి చెప్పి ముగిస్తాను. పాత ప్రతి మీద ఇద్దరం రెండు ఆదివారాలు కూచున్నాం. ఆ 3,000 పదాల్లో తీసెయ్యాల్సినవి నిజంగానే ఉన్నాయి. తుపాను వర్ణన రెండు పేజీలు ఉంది, టీవీ వార్తల్లోంచి వచ్చినట్టు. అది పోయింది. మామ్మ మాట తిరిగి వచ్చింది. కాయలు ఏరడం దగ్గరే కథ ఆగింది, ఏడుపు లేదు. చివరికి 2,600 పదాలు తేలింది. ఏడు పోటీల్లో ఒక్కదానికీ సరిపోదు. ఆ ఏడింటి గడువులూ దాటిపోయాయి కూడా.

ఒక వెబ్ పత్రికకి పంపాడు. అయిదు వారాలకి జవాబొచ్చింది. వేసుకుంటామని కాదు. మొదటి పేజీ మెల్లిగా ఉందనీ, తోటలోకి వెళ్లే చోట మొదలుపెడితే ఎలా ఉంటుందో ఆలోచించమనీ రాశారు. యాస గురించి ఒక్క మాట లేదు. కుర్రాడు ఫోను చేసి, “తిప్పికొట్టీసినారు మాస్టారూ” అన్నాడు. తిప్పికొట్టడం కాదురా, నీతో మాట్లాడుతున్నారు అన్నాను. ఇప్పుడు మొదటి పేజీ మళ్లీ రాస్తున్నాడు.